జాతరలో, ఎగ్జిబిషన్‌లో తిండి స్టాల్ పెట్టాలంటే పర్మిషన్ ఎలా తీసుకోవాలి?

సంక్రాంతి నెల రోజులుందనగా నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, ఐనవోలు జాతరలో సర్వపిండి స్టాల్ పెడదామనుకుంటున్నం, పర్మిషన్ ఎవరిస్తరు?" మేడారం ఏడాది అయితే చెప్పనక్కర్లేదు. అందరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ గొంతు పోతోంది కాబట్టి ఇదిగో, ఒక్కచోట రాసి పెడుతున్నాను. హన్మకొండ, వరంగల్ చుట్టుపక్కల ఆరేళ్లుగా సకినాలు, సర్వపిండి, మిర్చీలు అమ్ముకుంటూ నేర్చుకున్నది ఇది. కొంత దెబ్బలు తిని నేర్చుకున్నది.

ముందు ఒక మాట పట్టుకోండి. పర్మిషన్ అనేది ఒక్క కాగితం కాదు. తిండికి ఒకటి, జాగకు ఒకటి, పొయ్యికి ఒకటి. మూడూ మూడు చోట్ల దొరుకుతాయి. ఒకదానికి తీసుకున్నది ఇంకోదానికి చెల్లదు. "జాగకు పైసలు కట్టినం కదా, ఇంకేం కావాలె" అనుకునేవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆధార్ లేదా ఓటరు కార్డు, దాని స్కాన్ కాపీ
- పాస్‌పోర్ట్ సైజు ఫొటో
- వంట చేసే ఇంటి అడ్రస్ ఆధార్‌లో లేకపోతే దానికి కరెంటు బిల్లు లేదా కిరాయి కాగితం
- ఎప్పుడూ మీ చేతిలో ఉండే ఫోన్ నంబరు, ఈమెయిల్. ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయిది ఇవ్వకండి. కారణం కింద చెప్తాను.
- అమ్మబోయే పదార్థాల జాబితా, ఒక్కటీ వదలకుండా
- గవర్నమెంటు దవాఖానలో లేదా రిజిస్టర్డ్ డాక్టర్ దగ్గర తీసుకున్న ఫిట్‌నెస్ సర్టిఫికెట్. మీకే కాదు, స్టాల్‌లో తిండి ముట్టుకునే ప్రతి మనిషికీ.

టైము: తిండి కాగితానికి కనీసం నెల రోజుల ముందు కూర్చోండి. జాగ కాగితం ఎలాగూ చివరి వారంలోనే తేలుతుంది. ఆ హడావిడిలో తిండి కాగితం పని కూడా నెత్తిన పెట్టుకోవద్దు.

1. మీరు ఏ లెక్కలోకి వస్తారో చూసుకోండి

దేశంలో తిండి అమ్మే ప్రతి ఒక్కరూ 2006 ఆహార భద్రతా చట్టం కిందికి వస్తారు. చిన్న వ్యాపారికి రిజిస్ట్రేషన్, పెద్దవాళ్లకు లైసెన్సు. 2011 నిబంధనలు చిన్న వ్యాపారికి గీసిన గీత ఏడాదికి 12 లక్షల టర్నోవర్. చిన్న వ్యాపారి ఎవరో చెప్పేచోట తిరుగుతూ అమ్మేవాళ్లు, తాత్కాలిక స్టాల్ వాళ్లు అని పేరు పెట్టి మరీ రాశారు. కాబట్టి "రెండు రోజుల స్టాల్‌కు రిజిస్ట్రేషన్ ఎందుకు" అనే వాదన నిలవదు. దరఖాస్తు చేసే రోజున సైట్‌లో కనిపించే పరిమితిని, రుసుమును మాత్రం ఒకసారి సరిచూసుకోండి, మారుతుంటాయి.

టర్నోవర్ అంటే లాభం కాదు, మొత్తం అమ్మకం. రోజుకు నాలుగు వేల అమ్మకం ఉన్నా ఏడాది పొడవునా అమ్మితే 14 లక్షలు దాటుతుంది. జాతరలకు, అంగళ్లకు మాత్రమే వెళ్లేవాళ్లు మామూలుగా దాని దగ్గరికి కూడా రారు.

2. రిజిస్ట్రేషన్ దరఖాస్తు

ఇది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) వాళ్ల ఫోస్కోస్ అనే సైట్‌లో ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది. గూగుల్‌లో వెతికితే పైన వచ్చేవి చాలావరకు ఏజెంట్ల ప్రకటనలు. అశోక చక్రం, మూడు రంగులు పెట్టి గవర్నమెంటు సైట్ లాగే ఉంటాయి. అడ్రస్ చివర "జీవోవీ డాట్ ఇన్" ఉంటేనే ముందుకెళ్లండి. 2011 నిబంధనల్లో రిజిస్ట్రేషన్ రుసుము ఏడాదికి 100 రూపాయలు. ఇదే పనికి రెండు వేలు తీసుకునేవాళ్లు ఉన్నారు. మీకు ఫోన్ వాడటం రాకపోతే సెంటర్ వాళ్లకు ఓ వందో రెండొందలో ఇవ్వండి, తప్పులేదు. కానీ పక్కన కూర్చుని చేయించండి.

'ఫారం-ఏ' అనే రిజిస్ట్రేషన్ దరఖాస్తు నింపేటప్పుడు జాగ్రత్త పడాల్సినవి ఇవి.

వ్యాపార రకం: అక్కడికక్కడ వండి అమ్మితే ఒక రకం, ఇంట్లో చేసి ప్యాకెట్ కట్టి అమ్మితే తయారీ రకం, తిరుగుతూ అమ్మితే హాకర్. రెండూ చేస్తే రెండూ టిక్ పెట్టండి. సకినాల ప్యాకెట్లు అమ్ముతూ టీ దుకాణం అని పెట్టినవాళ్లను చూశాను. ఇన్‌స్పెక్టర్ అడిగినప్పుడు ఆ కాగితం ఉన్నా లేనట్టే. హాకర్ అని పెట్టినప్పుడు రుసుము పడకపోతే కంగారు పడకండి, వీధి వ్యాపారులకు ఆ మినహాయింపు ఉంది. తత్కాల్ అనే ఆప్షన్ కనిపించి, మీ రకం అందులో ఉంటే అదే తీసుకోండి. వెంటనే వస్తుంది.

జిల్లా: మన దగ్గర జరిగే అతి పెద్ద తప్పు ఇదే, కాస్త ఆగి చదవండి. 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హన్మకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. ఊరు ఒక్కటే, కార్పొరేషన్ ఒక్కటే, జిల్లాలు మాత్రం వేరు. కాజీపేట, సుబేదారి, నయీంనగర్ హన్మకొండ జిల్లా. ఖిలా వరంగల్, శివనగర్ వరంగల్ జిల్లా. పరకాల హన్మకొండకు, నర్సంపేట వరంగల్‌కు. చాలామంది ఆధార్‌లో ఇప్పటికీ "వరంగల్ అర్బన్" అనే ఉంది. నేను కాజీపేటలో ఉంటూ, నోటి అలవాటుగా "వరంగల్" అని నొక్కాను. దరఖాస్తు వేరే జిల్లా అధికారి లాగిన్‌లోకి వెళ్లింది. అది తిరిగొచ్చి, మళ్లీ కట్టి, మళ్లీ వేసేసరికి జాతర అయిపోయింది. కట్టిన రుసుము వెనక్కి రాదు.

అడ్రస్: జాతర జరిగే ఊరు రాయకండి. మీరు వండే చోటు, సరుకు పెట్టుకునే చోటు రాయండి. అమ్మే ప్రాంతం అడిగేచోట మాత్రం మీరు తిరిగే ఊళ్లన్నీ రాయొచ్చు.

సీజన్ వ్యాపారం: ఏ నెల నుంచి ఏ నెల దాకా అని ఫారంలో ఒక గడి ఉంటుంది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా అని రాసి, దసరాకు స్టాల్ పెడితే చిక్కే. ఏడాదిలో రెండుసార్లు పెట్టే ఆలోచన ఉన్నా ఆ గడిలో పూర్తి ఏడాది చూపించడం మేలు.

నీళ్లు: కార్పొరేషన్ నల్లానా, బోరా, కొన్న క్యాన్లా అని అడుగుతారు. నిజం రాయండి. తనిఖీకి వస్తే మొదట చూసేది అదే.

3. దరఖాస్తు పెట్టాక ఎదురుచూడటం

నిబంధన ప్రకారం అధికారి 7 రోజుల్లో రిజిస్ట్రేషన్ ఇవ్వాలి, లేదా కారణం రాసి తిరస్కరించాలి, లేదా తనిఖీకి నోటీసు ఇవ్వాలి. తనిఖీ అన్నాక 30 రోజుల్లో తేల్చాలి. ఈ గడువుల్లో ఏ కబురూ లేకపోతే చిన్న వ్యాపారి వ్యాపారం మొదలుపెట్టుకోవచ్చని ఆ నిబంధనల్లోనే ఉంది. అయినా ఆ మాట జాతర గేటు దగ్గర కానిస్టేబుల్‌కు చెప్పి ఒప్పించడం మీ వల్ల కాదు, నా వల్ల కూడా కాదు. దాని మీద ఆధారపడకండి. ఎనిమిదో రోజున ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్‌ఫ్రీ 1800 112 100కు ఫోన్ చేసి దరఖాస్తు నంబరు చెప్పండి, లేదా జిల్లా ఆహార భద్రత ఆఫీసుకు స్వయంగా వెళ్లండి.

ఫొటో కనిపించడం లేదనో, జాబితా సరిగ్గా లేదనో ఒక్కోసారి దరఖాస్తు వెనక్కి వస్తుంది. ఆ కబురు మెసేజ్‌గా, మెయిల్‌గా వస్తుంది. 30 రోజుల్లో జవాబివ్వకపోతే దరఖాస్తు రద్దవుతుంది. సెంటర్ అబ్బాయి నంబరు వద్దన్నది ఇందుకే. వాడి ఫోన్‌కు అలాంటివి రోజుకు యాభై వస్తాయి.

వచ్చిన కాగితం సరైనదో కాదో ఇలా చూడండి

నంబరులో 14 అంకెలు ఉండాలి. రిజిస్ట్రేషన్ అయితే మొదటి అంకె 2, లైసెన్సు అయితే 1. తర్వాతి రెండు అంకెలు రాష్ట్రానివి, తెలంగాణకు 36. ఆ తర్వాతి రెండు సంవత్సరానివి. అంటే మన దగ్గర తీసుకున్న రిజిస్ట్రేషన్ 236తో మొదలవ్వాలి. ఏజెంటు ఇచ్చిన నంబరు ఇంకోలా మొదలైతే అక్కడే నిలదీయండి. ఫోస్కోస్‌లో వ్యాపారుల పేర్లు వెతికే చోట ఆ నంబరు కొట్టి చూడండి. మీ పేరు, మీ అడ్రస్, గడువు తేదీ కనిపించాలి. ఇంకొకరి సర్టిఫికెట్ మీద పేరు మార్చి ప్రింట్ తీసి ఇచ్చే మహానుభావులూ ఉన్నారు.

గడువు జాతర చివరి రోజు దాటి ఉందా చూడండి. మొదటిసారే రెండు మూడేళ్లకు తీసుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

4. జాగ కాగితం

ఇది చోటును బట్టి మారుతుంది.

కార్పొరేషన్ పరిధిలో, అంటే వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో రోడ్డు పక్కన పెట్టేవాళ్లకు 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. సర్వేలో పేరెక్కి, వెండింగ్ సర్టిఫికెట్, గుర్తింపు కార్డు ఉన్నవాళ్లకు గట్టి ఆధారం ఉన్నట్టే. ఆ పనులు చూసేది పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా సిబ్బంది. కానీ ఆ కార్డు మీకు ఇచ్చిన చోటుకే. బతుకమ్మ రోజుల్లో పద్మాక్షి గుట్ట దగ్గర పెడతానంటే మళ్లీ కార్పొరేషన్‌ను అడగాల్సిందే, పోలీసుల బందోబస్తు గీతలు కూడా చూసుకోవాల్సిందే.

ఎగ్జిబిషన్, కాలేజీ ఫెస్ట్, అపార్ట్‌మెంట్ మేళా అయితే గ్రౌండ్ పర్మిషన్, పోలీసు పర్మిషన్, ఫైర్ ఎన్‌వోసీ తెచ్చుకోవడం నిర్వాహకుల పని. మీరు అడగాల్సింది వాటి జిరాక్స్. "అన్నీ ఉన్నయమ్మా" అంటే సరిపోదు. ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

పల్లె అంగడి అయితే పంచాయతీ వసూలు హక్కును వేలం వేస్తుంది. పాట పాడుకున్నవాళ్ల మనుషులు వచ్చి చీటీ చింపుతారు. చీటీ మీద పంచాయతీ ముద్ర, ఆ రోజు తేదీ, మొత్తం ఉండాలి. ఒక్కోచోట దీన్ని ఇప్పటికీ తైబజారు అంటారు. ఇది కట్టినందుకు జాగ మీది అయిపోదు, ఆ పూటకు కూర్చునే హక్కు మాత్రమే. ముందు వారం నుంచీ అక్కడ కూర్చునే ముసలమ్మ వచ్చి "నా జాగ" అంటే కాగితం చూపించకండి, పక్కకు జరగండి. అంగట్లో అది రాయని చట్టం.

గుడి జాతరలు. ఐనవోలు, కొమురవెల్లి, కొత్తకొండ, కురవి, మేడారం వంటి చోట్ల దేవస్థానం భూమిలో దుకాణాలకు దేవాదాయ శాఖ తరఫున టెండర్ కమ్ బహిరంగ వేలం పెడతారు. నోటీసు ఈవో ఆఫీసు బోర్డు మీద, జిల్లా ఎడిషన్ పేపర్లలో వస్తుంది. వేలంలో కూర్చోవాలంటే ముందు ధరావతు (డిపాజిట్) కట్టాలి. పాట తగలకపోతే అది వెనక్కి వస్తుంది, రసీదు పారేసుకోకండి.

మనలాంటి చిన్నవాళ్లు నేరుగా పాట పాడటం అరుదు. పెద్ద పాటదారు దగ్గర ఆరడుగులో, పదడుగులో తీసుకుంటాం. మోసాలు జరిగేది ఇక్కడే. రెండో ఏడాది ఒక జాతరలో ఓ మధ్యవర్తికి పైసలు చేతిలో పెట్టాను, రసీదు అడగడానికి మొహమాటపడ్డాను. తెల్లవారుజామున ఇరవై కిలోల పిండితో వెళ్తే నా జాగలో గాజుల దుకాణం ఉంది. మధ్యవర్తి ఫోన్ స్విచాఫ్. ఆ పిండి ఏమైందంటారా? బంధువుల ఇళ్లకు పంచాను, వారం రోజులు అందరూ అవే అప్పాలు తిన్నారు.

అప్పటి నుంచి నేను పాటించేవి: పాటదారు దగ్గర దేవస్థానం ఇచ్చిన అలాట్‌మెంట్ కాగితం చూస్తాను. మా ఇద్దరి మధ్య చిన్న ఒప్పందం రాయించుకుంటాను. అందులో ఎన్ని అడుగులు, ఏ వరస, ఏ తేదీ నుంచి ఏ తేదీ, ఎంత అనేవి ఉంటాయి. సగం ముందు, సగం జాగలో సామాను దింపాక ఇస్తాను. ఫోన్‌పే చేస్తాను, నోటు చేతిలో పెట్టను.

ప్రైవేటు చేనులో జాగ కిరాయికి తీసుకుంటే ఒప్పందం పట్టాదారుతోనే చేసుకోండి. కౌలుదారు మాట మీద వెళ్లకండి.

మేడారం గురించి విడిగా: రెండేళ్లకోసారి, బుధవారం సారలమ్మ, గురువారం సమ్మక్క గద్దెకు వస్తారు, శనివారం వనప్రవేశం. అసలు రోజుల్లో సరుకు బండి లోపలికి తీసుకెళ్లడం కుదరని పని. గ్యాసు, నూనె, పిండి సోమవారానికే చేర్చుకోండి. అది ములుగు జిల్లా, మీ రిజిస్ట్రేషన్ హన్మకొండది అయినా చెల్లుతుంది. అక్కడి తనిఖీ మాత్రం అక్కడి అధికారులదే.

5. పొయ్యి, కరెంటు

ఇంటి ఎర్ర సిలిండర్, 14.2 కిలోలది, స్టాల్‌లో వాడకూడదు. 19 కిలోల కమర్షియల్‌దే వాడాలి. జాతరకు వారం ముందు కొరత వస్తుంది కాబట్టి ముందే చెప్పి పెట్టుకోండి, బిల్లు దగ్గర ఉంచుకోండి. పైపు పగుళ్లు ఉంటే మార్చండి, సబ్బు నురగ రాసి లీకు చూడండి. సిలిండర్ నిలబెట్టే ఉంచాలి, పొయ్యికి దూరంగా, జనం నడిచే వైపు కాకుండా.

ఒక పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, ఒక బకెట్ ఇసుక తప్పకుండా ఉండాలి. ఎక్స్‌టింగ్విషర్ మీటరు ముల్లు పచ్చ గీతలో ఉందా, గడువు ఉందా చూడండి. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి. గ్యాసు కట్టేసి మూత బోర్లించండి. ఈ మాట సహాయానికి వచ్చే పిల్లలకు ముందే చెప్పి ఉంచండి, వాళ్లే మొదట చెంబు అందుకుంటారు.

కరెంటుకు తాత్కాలిక కనెక్షన్ మన విద్యుత్ పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్ ఇస్తుంది. మామూలుగా నిర్వాహకులు తీసుకుని పంచుతారు. స్తంభానికి కొక్కెం తగిలించడం మాత్రం వద్దు.

6. స్టాల్‌లో తనిఖీకి నిలబడేలా

సర్టిఫికెట్ లామినేట్ చేసి కంటికి కనిపించేలా కట్టండి. అసలుది ఇంట్లోనే. బిల్లు ఇస్తుంటే దాని మీద ఆ 14 అంకెల నంబరు ఉండాలి.

వార్తాపత్రికలో మిర్చీలు కట్టి ఇవ్వడం నిషేధం. సిరా నూనెలో కలుస్తుంది. పలచటి ప్లాస్టిక్ ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి నిషేధం. మోదుగాకు ఇస్తర్లు, డొప్పలు వాడండి. చవక, పైగా జాతరలో అవే అందం.

నూనెను మళ్లీ మళ్లీ కాచితే పుట్టే పోలార్ పదార్థాలు అందులో 25 శాతం దాటితే వాడకూడదని నిబంధన. దాన్ని కొలిచే మీటరు మన దగ్గర ఉండదు కాబట్టి కంటితో చూడండి. నల్లబడినా, చిక్కబడినా, నురగ ఆగకపోయినా, మూకుడు నుంచి ఘాటు పొగ లేచినా పారబోయండి. నిన్నటి నూనెలో ఇవాళ కొత్తది కలపడం పొదుపు కాదు, కొత్తది కూడా పాడవుతుంది.

రంగులు వద్దే వద్దు. పసుపు రంగు పొడిలో మెటానిల్ ఎల్లో, గులాబీ రంగులో రోడమిన్ బి ఉండొచ్చు, రెండూ నిషేధమే. పచ్చి గుడ్డు మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది. నా మాట వింటే గడువుతో పని లేకుండా దాని జోలికి పోకండి, ఎండలో పెట్టే స్టాల్‌కు అది సరిపడదు. వేడివి 60 డిగ్రీల పైన, చల్లనివి 5 డిగ్రీల లోపు ఉండాలి. మధ్యలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. చికెన్ అమ్మేవాళ్లు వంద రూపాయల్లో దొరికే థర్మామీటరు కాదు, కాస్త మంచిదే కొనండి.

సకినాలు, అరిసెలు ప్యాకెట్ కట్టి అమ్మితే లేబుల్ మీద పేరు, పదార్థాలు, శాకాహార పచ్చ గుర్తు, బరువు, ధర, తయారీ తేదీ, ఎప్పటిలోగా తినాలో, బ్యాచ్ నంబరు, మీ అడ్రస్, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. విడిగా తూచి అమ్మితే కాంటా మీద తూనికల శాఖ ముద్ర ఉండాలి, ముద్ర వేసిన ఏడాది కూడా చూసుకోండి.

7. ముందు రోజు సాయంత్రం

ఒక కవర్‌లో రిజిస్ట్రేషన్ జిరాక్స్, ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు, జాగ ఒప్పందం, కట్టిన రసీదులు, గ్యాసు బిల్లు పెట్టండి. అన్నింటిలో మీ పేరు ఒకేలా ఉందా చూడండి. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, రిజిస్ట్రేషన్‌లో పూర్తిగా, ఒప్పందంలో మీ ఆయన పేరు మీద ఉంటే వివరించడానికే పొద్దు గడిచిపోతుంది. మహిళా సంఘం తరఫున పెడుతుంటే సంఘం తీర్మానం కాపీ కూడా పెట్టుకోండి, స్టాల్‌లో కూర్చునేది ఎవరో అందులో రాసి ఉండాలి.

ఇన్‌స్పెక్టర్ వస్తే

గుర్తింపు కార్డు అడగండి, తప్పేం కాదు. మర్యాదగా అడిగితే వాళ్లూ చూపిస్తారు. కవర్ అందించండి. శాంపిల్ తీసుకుంటామంటే అడ్డుపడకండి. నోటీసు ఇచ్చి, మీ ముందే నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి, తీసుకున్నదానికి ధర కూడా చెల్లించాలి. నాలుగో భాగాన్ని గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబ్‌కు పంపమని అక్కడికక్కడే కోరే హక్కు మీకుంది. కోరితే రాతపూర్వకంగా కోరండి, ఖర్చు మీదే. ల్యాబ్ నివేదిక 14 రోజుల్లో ఇవ్వాలి. అది మీకు వ్యతిరేకంగా వస్తే జిల్లా అధికారికి అప్పీలు పెట్టుకోవడానికి 30 రోజులు ఉంటాయి. ఆ రోజు వాడిన నూనె, పిండి కొన్న బిల్లులు అప్పుడు పనికొస్తాయి కాబట్టి జాతర అయ్యాక కవర్‌ను చెత్తలో వేయకుండా కనీసం రెండు మూడు నెలలు ఉంచండి.